బటన్ సెల్ ఎన్నాళ్లొస్తుంది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి ప్రశ్నలన్నీ బ్లూటూత్ లో-ఎనర్జీ (బీఎల్‌ఈ, తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్) పరికరాల బ్యాటరీ గురించే. మొదటి ప్రశ్నకు జవాబు కాస్త పొడవుగా ఉంటుంది. తర్వాతి జవాబులన్నీ ఆ లెక్క మీదే ఆధారపడ్డాయి కాబట్టి దాన్ని ముందు చదవండి.

ప్రశ్న: సీఆర్2032 బటన్ సెల్‌తో నడిచే ఉష్ణోగ్రత ట్యాగ్ తయారుచేస్తున్నాను. సెల్ సామర్థ్యం 220 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్-గంటలు). చిప్ డేటాషీట్‌లో ట్రాన్స్‌మిట్ కరెంటు 5.5 మిల్లీఆంపియర్లు అని ఉంది. భాగిస్తే 40 గంటలే వస్తోంది. ఇలాంటి ట్యాగులు ఏడాదికి పైగా నడుస్తున్నాయి కదా, నేను ఎక్కడ పొరబడుతున్నాను?

జవాబు: మీరు దేనితో భాగించారో అక్కడే పొరపాటు ఉంది. 5.5 మిల్లీఆంపియర్లు రేడియో మోగుతున్నంతసేపే ఖర్చవుతాయి. మీ ట్యాగ్ సెకనుకోసారి లేచి, ఐదు మిల్లీసెకన్లలోపే పని ముగించుకుని, మిగతా సమయమంతా నిద్రపోతుంది. అందుకని మీకు కావలసింది సగటు కరెంటు. దాన్ని రాబట్టాలంటే ఒక్కసారి లేచినప్పుడు సెల్ నుంచి ఎంత ఛార్జ్ పోతుందో ముందు తేల్చాలి. మిల్లీఆంపియర్లను మిల్లీసెకన్లతో గుణిస్తే మైక్రోకూలుంబులు వస్తాయి. ఒక ఎంఏహెచ్ అంటే 3.6 కూలుంబులు.

ప్యాకెట్‌తో మొదలుపెడదాం. ట్యాగ్ తన ఉనికిని చుట్టుపక్కల ఫోన్లకు చాటడానికి పంపేది అడ్వర్టైజింగ్ ప్యాకెట్. 31 బైట్ల డేటా నింపిన ప్యాకెట్‌లో ప్రియాంబుల్ 1, యాక్సెస్ అడ్రస్ 4, హెడర్ 2, పరికరం అడ్రస్ 6, డేటా 31, సీఆర్‌సీ (తప్పులు పట్టే భాగం) 3 కలిపి 47 బైట్లు. సెకనుకు 1 మెగాబిట్ వేగంలో ఒక్కో బైట్‌కు 8 మైక్రోసెకన్లు, అంటే ప్యాకెట్‌కు 376. ఇదే ప్యాకెట్ 37, 38, 39 అనే మూడు ఛానెళ్ల మీద వరసగా వెళుతుంది. కనెక్ట్ కాగల పరికరమైతే, ఒక్కో ప్యాకెట్ పంపాక ఫోన్ ఏమైనా అడుగుతుందేమోనని కాసేపు రిసీవర్ తెరిచి వింటుంది కూడా.

ట్యాగ్ ఒకసారి లేచి, పని ముగించి, మళ్లీ నిద్రపోయేదాకా ఒక ఈవెంట్ అందాం. ఇప్పుడు ఒక మాదిరి ఈవెంట్‌ను ముక్కలుగా చూద్దాం. క్రిస్టల్ స్థిరపడేదాకా 1.2 మిల్లీసెకన్లు, 1 మిల్లీఆంపియర్: 1.2 మైక్రోకూలుంబులు. ప్రాసెసర్ సిద్ధం కావడానికి 0.4 మిల్లీసెకన్లు, 3 మిల్లీఆంపియర్లు: 1.2. మూడు ట్రాన్స్‌మిట్‌లు కలిపి 1.128 మిల్లీసెకన్లు, 5.5 మిల్లీఆంపియర్లు: 6.2. మూడుసార్లు వినడం, ఒక్కోసారి 0.25 మిల్లీసెకన్లు, అదే కరెంటు: 4.1. ఛానెల్ మారేటప్పుడు రెండు విరామాలు, ఒక్కోటి 0.35 మిల్లీసెకన్లు, 3 మిల్లీఆంపియర్లు: 2.1. చివర్లో ప్రాసెసర్ సర్దుకోవడానికి 0.5 మిల్లీసెకన్లు, 3 మిల్లీఆంపియర్లు: 1.5. అన్నీ కలిపితే 16.3 మైక్రోకూలుంబులు. ఈ 16.3లో ట్రాన్స్‌మిట్ వాటా 6.2 మాత్రమేనని గమనించండి. డేటాషీట్ మొదటి పేజీలో కనిపించే అంకె అసలు ఖర్చులో సగం కూడా కాదు.

విరామం 1 సెకను అని పెట్టినా, పరికరాలు ఒకదాని ప్యాకెట్లతో మరొకటి ఢీకొట్టకుండా ప్రతి ఈవెంట్‌కూ 0 నుంచి 10 మిల్లీసెకన్ల యాదృచ్ఛిక ఆలస్యం కలుస్తుంది. దాని సగటు 5 మిల్లీసెకన్లు. 16.3ను 1.005తో భాగిస్తే 16.2 మైక్రోఆంపియర్లు. నిద్రలో 2 మైక్రోఆంపియర్లు అనుకుందాం. సెల్ తనంతట తాను ఏడాదికి సుమారు 1 శాతం తగ్గుతుంది, అది పావు మైక్రోఆంపియర్‌కు సమానం. మొత్తం దాదాపు 18.5. సామర్థ్యం 220 ఉన్నా లెక్కలోకి 80 శాతమే, అంటే 176 ఎంఏహెచ్ తీసుకోండి. ఆ 220 అనే అంకె 0.2 మిల్లీఆంపియర్ల చుట్టుపక్కల నిలకడ లోడుతో, 2 వోల్టులకు దిగేదాకా కొలిచినది. మన లోడు గుటకలు గుటకలుగా లాగుతుంది. 176ను 0.0185తో భాగిస్తే 9,500 గంటలు. అంటే 13 నెలలు.

ఇదే పరికరాన్ని 100 మిల్లీసెకన్ల విరామంలో పెడితే 47 రోజుల్లో సెల్ అయిపోతుంది. 5 సెకన్లకు పెడితే మూడున్నరేళ్లు దాటుతుంది. 10 సెకన్లకు పెడితే ఏడేళ్లకు పైగా వస్తుందని ఆశపడతాం కానీ వచ్చేది 5.2 ఏళ్లే. అక్కడికి చేరేసరికి రేడియో ఖర్చు 1.6 మైక్రోఆంపియర్లకు పడిపోతుంది, నిద్ర ఖర్చే దాన్ని మించుతుంది. ఆ దశలో విరామం పెంచడం కంటే స్లీప్ కరెంటు తగ్గించడం మీద శ్రమ పెట్టాలి.

విరామం పెంచేకొద్దీ ఫోన్‌కు ట్యాగ్ దొరకడం ఆలస్యమవుతుంది. దీనికి మంచి ఉపాయం ఉంది: బటన్ నొక్కిన తర్వాత 30 సెకన్లు 20 మిల్లీసెకన్ల విరామంతో అడ్వర్టైజ్ చేసి, తర్వాత నెమ్మదించడం. ఆపిల్ తన అనుబంధ పరికరాల మార్గదర్శకాల్లో చెప్పేది ఇదే. ఆ తర్వాత వాడమని సూచించిన విరామాల్లో 152.5, 417.5, 1022.5, 1285 మిల్లీసెకన్లు ఉన్నాయి. ఈ 30 సెకన్ల హడావుడికి భయపడనక్కర్లేదు. 1,200 ఈవెంట్లు, ఒక్కోదానికి 16.3 మైక్రోకూలుంబులు, వెరసి 0.0054 ఎంఏహెచ్. సెకను విరామంతో ట్యాగ్ 18 నిమిషాల్లో ఖర్చుపెట్టేది అంతే.

మీ ట్యాగ్ ఉష్ణోగ్రతను ప్యాకెట్‌లోనే పెట్టి పంపుతూ ఉంటే, కనెక్షన్ అవసరమే లేకపోతే, నాన్-కనెక్టబుల్‌గా మార్చండి. వినే ఖర్చు 4.1 పోతుంది, 13 నెలలు కాస్తా 16, 17 నెలలవుతాయి. ఇంకొక్క మాట. పై కరెంట్లన్నీ చిప్‌లోని డీసీ-డీసీ కన్వర్టర్ (సెల్ వోల్టేజీని తక్కువ నష్టంతో దించే భాగం) పనిచేస్తున్నప్పటివి. బోర్డు మీద దాని ఇండక్టర్ ఉన్నా, ఫర్మ్‌వేర్‌లో (చిప్‌లో నడిచే ప్రోగ్రాంలో) దాన్ని ఆన్ చేయకపోతే రేడియో కరెంటు దాదాపు రెట్టింపవుతుంది. పరికరం మామూలుగానే పనిచేస్తుంది కాబట్టి ఈ లోపం ఎవరికీ కనిపించదు.

ప్రశ్న: ట్రాన్స్‌మిట్ పవర్ తగ్గిస్తే బ్యాటరీ బాగా మిగులుతుందా?

జవాబు: అంతగా మిగలదు. ట్రాన్స్‌మిట్ పవర్‌ను కొలిచేది డీబీఎంలలో. 0 నుంచి మైనస్ 20 డీబీఎంకు దించితే ట్రాన్స్‌మిట్ కరెంటు 5.5 నుంచి 3 మిల్లీఆంపియర్ల దగ్గరికి వస్తుంది. బయటికి వెళ్లే శక్తి నూరో వంతుకు పడిపోయినా, చిప్‌లోని ఆసిలేటర్, సింథసైజర్ తినేది తగ్గదు. పై ఈవెంట్‌లో మిగిలేది 2.8 మైక్రోకూలుంబులు. అందుకోసం దూరాన్ని బాగా వదులుకోవాలి. ప్లస్ 8 డీబీఎంకు పెంచితే మాత్రం దెబ్బ గట్టిగానే తగులుతుంది: కరెంటు 15 మిల్లీఆంపియర్ల దాకా వెళ్లి, ఈవెంట్ 27 మైక్రోకూలుంబులవుతుంది. బటన్ సెల్‌కు అంత గుటక ఎందుకు చేటో తర్వాతి జవాబులో చూడండి.

ప్రశ్న: మా పరికరం నెలల తరబడి బ్యాటరీ 100 శాతం అని చూపించింది. ఒక చలి రాత్రి ఉన్నట్టుండి ఆగిపోయింది. సెల్ తీసి మల్టీమీటర్‌తో చూస్తే 2.95 వోల్టులు! సెల్ బాగానే ఉన్నట్టా?

జవాబు: లేదండీ, ఆ సెల్ పని అయిపోయింది. మల్టీమీటర్ ఇన్‌పుట్ రెసిస్టెన్స్ 10 మెగాఓమ్‌లు, అది సెల్ నుంచి లాగేది లేనట్టే లెక్క. లోడు లేనప్పటి వోల్టేజీ సెల్ లోపలి రెసిస్టెన్స్ గురించి ఏమీ చెప్పదు. కొత్త సీఆర్2032లో అది 10 నుంచి 20 ఓమ్‌లు ఉంటుంది. వాడకం చివరికొచ్చేసరికి 50 దాటుతుంది, 100 కూడా దాటొచ్చు. చలిలో ఇంకా పెరుగుతుంది. అందుకే ఇలాంటి పరికరాలు పగలు నడిచి తెల్లవారుజామున ఆగిపోతుంటాయి.

మీ సెల్‌ను ఇలా పరీక్షించండి. మీటర్ తగిలించి ఉంచే, సెల్ రెండు వైపులకూ 220 ఓమ్‌ల రెసిస్టర్‌ను రెండు సెకన్లు ఆనించి, అప్పటి వోల్టేజీ రాసుకోండి. 2.95 కాస్తా 2.30కి పడిందనుకుందాం. రెసిస్టర్‌లో కరెంటు 2.30 భాగించు 220, అంటే 10.45 మిల్లీఆంపియర్లు. పడిపోయిన 0.65 వోల్టులను దానితో భాగిస్తే 62 ఓమ్‌లు. ఈ సెల్ మీద రేడియో 5.5 మిల్లీఆంపియర్లు లాగితే వోల్టేజీ 0.34 తగ్గుతుంది, అది ఫరవాలేదు. 15 మిల్లీఆంపియర్లు లాగితే 0.93 తగ్గి 2 వోల్టుల దగ్గరికి వస్తుంది. చలికి ఈ 62 ఓమ్‌లు రెట్టింపయితే చిప్ రీసెట్ అయ్యే గీత కిందికి జారిపోతుంది. రీసెట్ అయిన చిప్ మళ్లీ బూట్ అవుతూ ఇంకాస్త కరెంటు లాగుతుంది, మళ్లీ పడిపోతుంది. ఈ చక్రంలో చిక్కుకున్న పరికరం సెల్‌లో మిగిలినదాన్ని గంటల్లో ఊడ్చేస్తుంది.

సెల్‌కు సమాంతరంగా, చిప్‌కు దగ్గరగా 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే రేడియో గుటకను అది కొంత మోస్తుంది. 16 మైక్రోకూలుంబుల ఈవెంట్‌ను పూర్తిగా అదే మోసినా దాని వోల్టేజీ 0.16 మాత్రమే తగ్గుతుంది. 62 ఓమ్‌ల గుండా అది మళ్లీ నిండడానికి 30 మిల్లీసెకన్లు చాలు. సిరామిక్ రకం వాడితే, 3 వోల్టుల దగ్గర దాని అసలు విలువ రాసి ఉన్నదానికంటే బాగా తక్కువని మరవకండి. అల్యూమినియం ఎలక్ట్రోలైటిక్ అయితే లీకేజీ కొన్ని మైక్రోఆంపియర్లు ఉండొచ్చు. నిద్రకే 2 మైక్రోఆంపియర్లు లెక్క కట్టుకున్న చోట అది చాలా పెద్ద మొత్తం.

ఇక శాతం సంగతి. ఈ రకం సెల్ వోల్టేజీ జీవితంలో ఎక్కువ భాగం 2.9, 3.0 మధ్యే నిలబడి, చివర్లో జారిపోతుంది. ఖాళీగా ఉన్నప్పుడు వోల్టేజీ కొలిచి శాతంగా మార్చితే చివరిదాకా 100 చూపించడంలో వింత లేదు. రేడియో ఈవెంట్ ముగిసే క్షణంలో, లోడు ఇంకా ఉండగానే కొలవండి. ఫర్మ్‌వేర్‌లో ఈవెంట్ల సంఖ్య లెక్కిస్తూ, ఒక్కోదానికి ఇన్ని మైక్రోకూలుంబులని కూడుకుంటూ పోతే శాతం దాని నుంచి తీయొచ్చు. లోడులో కొలిచిన వోల్టేజీని హెచ్చరికకు వాడండి. 2.4 వోల్టుల దగ్గర హెచ్చరిక పెడితే సెల్ మార్చుకోవడానికి సమయం దొరుకుతుంది.

ప్రశ్న: తలుపు సెన్సర్‌కు లెక్క కడితే 13 నెలలు వచ్చింది. ఆరు వారాలకే సెల్ అయిపోయింది. రెండో సెల్ కూడా అంతే. రేడియో సెట్టింగులు అన్నీ సరిచూశాను.

జవాబు: వెనక్కి లెక్క కడితే చాలావరకు ఇక్కడే దొరికిపోతుంది. 176 ఎంఏహెచ్‌ను 42 రోజులతో, అంటే 1,008 గంటలతో భాగించండి: సగటున 175 మైక్రోఆంపియర్లు. మీరు అనుకున్నవి 18.5 పోను, 156 మైక్రోఆంపియర్లు ఎక్కడికో పోతున్నాయి. 3 వోల్టుల మీద అంత కరెంటు అంటే 19 కిలోఓమ్‌ల రెసిస్టర్‌ను సెల్‌కు అడ్డంగా శాశ్వతంగా కట్టినట్టు. ఇప్పుడు బోర్డు మీద అలాంటి విలువ ఎక్కడుందో వెతకాలి.

తలుపు సెన్సర్ అన్నారు కాబట్టి మొదటి అనుమానం రీడ్ స్విచ్ మీదే. తలుపు మూసి ఉన్నప్పుడు అయస్కాంతం స్విచ్‌ను మూసి ఉంచుతుంది. చిప్ లోపలి పుల్-అప్ రెసిస్టర్ (ఇన్‌పుట్ పిన్నును సప్లై వోల్టేజీ వైపు లాగి ఉంచేది) గుండా కరెంటు అంతసేపూ నేలకు, అంటే గ్రౌండ్‌కు, పోతూనే ఉంటుంది. చాలా చిప్పుల్లో ఆ పుల్-అప్ 10 నుంచి 50 కిలోఓమ్‌ల మధ్య ఉంటుంది. తలుపు రోజులో ఎక్కువసేపు మూసే ఉంటుంది కదా. బల్ల మీద అయస్కాంతం లేకుండా పరీక్షించినప్పుడు స్విచ్ తెరిచి ఉంటుంది, అందుకే అప్పుడు కరెంటు బాగానే కనిపించి ఉంటుంది.

లోపలి పుల్-అప్ తీసేసి బయట 4.7 మెగాఓమ్‌లు పెట్టండి. స్విచ్ మూసి ఉన్నా కరెంటు 0.64 మైక్రోఆంపియర్లకు దిగుతుంది. అంత పెద్ద రెసిస్టర్ మీద పక్క తీగల గోల ఎక్కుతుంది కాబట్టి ఇన్‌పుట్ నుంచి నేలకు 1 నానోఫారడ్ కెపాసిటర్ వేయండి. స్పందన 5 మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది, తలుపుకు అది లెక్కలోకి రాదు. బోర్డు మీద ఫ్లక్స్ (టంకం వేసేటప్పుడు వాడే పదార్థం) మిగిలిపోయి తేమ తగిలితే మెగాఓమ్‌ల స్థాయిలో అదీ ఒక రెసిస్టరే, ఆ చోటును బాగా కడగండి.

స్విచ్ కాదని తేలితే వరసగా ఇవి చూడండి. సీరియల్ పోర్టు రిసీవర్ తెరిచి ఉంచితే హై-స్పీడ్ క్లాక్ ఆగదు, వందల మైక్రోఆంపియర్లు పోతాయి. డీబగ్ సందేశాల కోసం పెట్టి మరిచిపోయే చోటు ఇదే. డీబగ్గర్ ఒకసారి తగిలించాక చాలా చిప్పులు డీబగ్ మోడ్‌లోనే ఉండిపోతాయి, తీగ పీకినా సరిపోదు, పవర్ తీసి మళ్లీ ఇవ్వాలి. బ్యాటరీ కొలవడానికి 100 కిలోఓమ్‌లవి రెండు పెట్టి డివైడర్ కడితే 15 మైక్రోఆంపియర్లు ఎప్పుడూ పోతుంటాయి. సప్లై వోల్టేజీని లోపలే కొలిచే ఏర్పాటు చిప్‌లో ఉంటే డివైడర్ అసలు వద్దు. సెన్సర్‌ను చిప్‌కు కలిపే ఐటూసీ తీగల్లో ఒకటి సున్నా వోల్టుల దగ్గరే ఆగిపోతే, 4.7 కిలోఓమ్‌ల పుల్-అప్ గుండా 640 మైక్రోఆంపియర్లు. ఎటూ కలపకుండా వదిలేసిన ఇన్‌పుట్ పిన్నులు కూడా కరెంటు తింటాయి, వాడనివాటి ఇన్‌పుట్ బఫర్ ఆపేయండి.

ప్రశ్న: కరెంటు కొలుద్దామని మల్టీమీటర్ సిరీస్‌లో పెడితే పరికరం రీసెట్ అవుతూ ఉంది. ఖరీదైన పరికరాలు లేకుండా కొలిచే మార్గం ఉందా?

జవాబు: మైక్రోఆంపియర్ రేంజిలో మీటర్ లోపల 100 ఓమ్‌ల వరకు షంట్ (కరెంటు కొలిచే రెసిస్టర్) ఉంటుంది. రేడియో 5.5 మిల్లీఆంపియర్లు లాగగానే దాని మీదే అర వోల్టు పైగా పోతుంది. బూట్ సమయంలో ఇంకా ఎక్కువ. రీసెట్‌కు కారణం అదే. పైగా సెకనుకు రెండు మూడుసార్లు చూసే మీటర్, 5 మిల్లీసెకన్ల ఈవెంట్‌ను పట్టలేదు.

ఒక కెపాసిటర్, ఒక రెసిస్టర్, సెకన్లు చూపే గడియారంతో సగటు కరెంటు బాగానే తేలుతుంది. 1,000 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్‌ను ఒక రాత్రంతా 3 వోల్టుల మీద ఉంచండి, దాని లీకేజీ స్థిరపడుతుంది. పరికరాన్ని దానికి తగిలించి, 3 వోల్టుల సప్లైతో నడిపి, బూట్ అయి మామూలు స్థితికి వచ్చాక సప్లై తీగ తీసేయండి. మీటర్‌ను వోల్టుల రేంజిలో కెపాసిటర్‌కు తగిలించి, 3.0 నుంచి 2.5 వోల్టులకు దిగడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. ఆ అర వోల్టులో ఉన్న ఛార్జ్ 500 మైక్రోకూలుంబులు. 27 సెకన్లు పట్టిందంటే సగటు 18.5 మైక్రోఆంపియర్లు.

కెపాసిటర్ విలువ 20 శాతం అటూ ఇటూ ఉంటుంది కాబట్టి పరికరం స్థానంలో 150 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెట్టి ఇదే ప్రయోగం మళ్లీ చేయండి. 3.0, 2.5 మధ్య దాని సగటు కరెంటు 18.3 మైక్రోఆంపియర్లు. రెండు సమయాల నిష్పత్తిలోనే మీ జవాబు ఉంది, కెపాసిటర్ అసలు విలువతో పని లేదు. మూడోసారి ఏమీ తగిలించకుండా కెపాసిటర్‌ను, మీటర్‌ను మాత్రమే వదిలి ఎంత దిగుతుందో చూసి, ఆ లీకేజీని రెండింటి నుంచీ తీసేయండి. మీటర్ తనవంతుగా 0.3 మైక్రోఆంపియర్లు తాగుతుంది.

ఈవెంట్ ఆకారం చూడాలంటే ఆసిల్లోస్కోప్ కావాలి. సెల్ నెగటివ్ వైపు 10 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే 5.5 మిల్లీఆంపియర్లకు 55 మిల్లీవోల్టులు కనిపిస్తాయి. ట్రిగ్గర్ 20 మిల్లీవోల్టులకు, డివిజన్‌కు 1 మిల్లీసెకను. బోర్డు అప్పుడు యూఎస్‌బీతో కంప్యూటర్‌కు కలిసి ఉండకూడదు. స్కోప్ గ్రౌండ్ తీగ కంప్యూటర్ గ్రౌండ్‌తో కలిసి మీ రెసిస్టర్‌ను షార్ట్ చేసేస్తుంది. 2 మైక్రోఆంపియర్ల నిద్ర ఇందులో కనిపించదు, అది 20 మైక్రోవోల్టులే. దానికోసం రేడియో ఆపిన ఫర్మ్‌వేర్ వేసి, బూట్ అయ్యేదాకా మీటర్ తీగలను జంపర్‌తో కలిపి ఉంచి, తర్వాత జంపర్ తీయండి. తరచూ ఇదే పని చేసేవారికి నార్డిక్ పవర్ ప్రొఫైలర్ కిట్ 2 లాంటిది కొనడం మేలు. సెకనుకు లక్ష నమూనాలు తీస్తుంది, నిద్ర, ఈవెంట్ రెండూ ఒకే గ్రాఫ్‌లో కనిపిస్తాయి.

ప్రశ్న: మా రిమోట్ ఎప్పుడూ కనెక్షన్‌లోనే ఉండాలి. విరామం 30 మిల్లీసెకన్లు. బటన్ నొక్కగానే స్పందించాలి, బ్యాటరీ కూడా మిగలాలి.

జవాబు: రెండూ కుదురుతాయి, పెరిఫెరల్ లేటెన్సీ ఉన్నది అందుకే. ఖాళీ కనెక్షన్ ఈవెంట్ 6 మైక్రోకూలుంబులు అనుకుంటే, 30 మిల్లీసెకన్లకోసారి లేవడానికి 200 మైక్రోఆంపియర్లు. 36 రోజుల్లో సెల్ ఖాళీ. లేటెన్సీ 29 పెడితే చెప్పేదేమీ లేనప్పుడు 29 ఈవెంట్లు వదిలేసి 900 మిల్లీసెకన్లకోసారి లేస్తుంది. నిద్రతో కలిపి 9 మైక్రోఆంపియర్లు, రెండేళ్లు దాటుతుంది. బటన్ నొక్కితే మాత్రం వచ్చే 30 మిల్లీసెకన్లలోనే పంపేస్తుంది. ఫోన్ నుంచి రిమోట్‌కు వచ్చే ఆదేశాలు 0.9 సెకన్ల వరకు ఆలస్యం కావొచ్చు. సూపర్‌విజన్ టైమవుట్ (అవతలి నుంచి ప్యాకెట్లు రాకపోతే కనెక్షన్ తెగిందనుకునేదాకా ఆగే సమయం) 900 మిల్లీసెకన్ల రెట్టింపు కంటే ఎక్కువ ఉండి తీరాలి. 4 నుంచి 6 సెకన్లు పెట్టండి, లేకపోతే ఒకటి రెండు ప్యాకెట్లు పోగానే కనెక్షన్ తెగి, మళ్లీ కలవడానికి మిగుల్చుకున్నదంతా ఖర్చవుతుంది. ఈ విలువలు మీరు అడగగలరంతే, నిర్ణయించేది ఫోన్. ఏం ఒప్పుకుందో ఫర్మ్‌వేర్‌లో చదివి చూసుకోండి.

32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ మిగుల్చుదామని లోపలి ఆర్‌సీ ఆసిలేటర్ వాడితే ఇక్కడ తగులుతుంది. దాని తేడా 500 పీపీఎం (పది లక్షలకు 500), ఫోన్‌ది 50 అనుకుంటే, 900 మిల్లీసెకన్లు నిద్రపోయాక రిసీవర్ అర మిల్లీసెకను ముందే తెరవాలి. ప్రతిసారీ 2.7 మైక్రోకూలుంబులు అదనం. 20 పీపీఎం క్రిస్టల్ అయితే ఇది 0.35. లేటెన్సీ పెంచేకొద్దీ ఈ తేడా కూడా పెరుగుతుంది.

ప్రశ్న: సీఆర్2032 చాలకపోతే దేనికి మారాలి?

జవాబు: స్థలం కొద్దిగా ఉంటే సీఆర్2450, అది 620 ఎంఏహెచ్. 7.7 మిల్లీమీటర్ల మందం పడితే సీఆర్2477, 1,000 ఎంఏహెచ్. ఇంకా స్థలం ఉంటే రెండు ట్రిపుల్-ఏ ఆల్కలైన్ సెల్స్ మంచివి, లోపలి రెసిస్టెన్స్ తక్కువ కాబట్టి కెపాసిటర్ల గొడవ ఉండదు. ఆల్కలైన్ బదులు 1.5 వోల్టుల లిథియం సెల్స్ వేస్తే కొత్తవి రెండూ కలిసి 3.6 వోల్టుల దాకా వెళతాయి. చాలా బీఎల్‌ఈ చిప్పుల గరిష్ఠ పరిమితి సరిగ్గా అదే. 3.6 వోల్టుల లిథియం థయోనిల్ క్లోరైడ్ సెల్ ఒకటే పదేళ్లు వస్తుందని చాలామంది దానికి మారతారు. కానీ ఎక్కువకాలం చిన్న కరెంటు మీదే ఉంటే దాని లోపల లిథియం మీద ఒక పొర పేరుకుంటుంది. ఆ స్థితిలో రేడియో మొదటి గుటక లాగగానే వోల్టేజీ ఒక్కసారిగా కూలి, పొర కరిగేదాకా తేరుకోదు. అల్మరాలో ఆరు నెలలు ఉన్న పరికరం సెల్ కొత్తదే అయినా లేవకపోవడానికి కారణం ఇదే. దాని పక్కన తగినంత కెపాసిటర్ ఉంచి, కొత్తలో వోల్టేజీ 3.6 దాటితే చిప్ తట్టుకుంటుందో లేదో డేటాషీట్‌లో చూసుకున్నాకే వాడండి.